కొలవకుండా అనుకోవడం

నిఘంటువు కార్యాలయం, రెండో అంతస్తు
జనవరి 11

పిన్నికి,

"రోజంతా ఆ ఆఫీసులో ఏం చేస్తావో ఒక్క ముక్క అర్థమయ్యేలా రాయవే" అని అడిగావు. రాస్తున్నాను. అమ్మకీ నాన్నకీ చదివి వినిపించు. వినిపించేటప్పుడు నీ సొంత మాటలు కలపకు. పోయినసారి నువ్వు కలిపిన మాటలకి, నేనిక్కడ చిక్కి సగమయ్యానని అమ్మ ఏడ్చిందని నువ్వే రాశావు. నేను చిక్కలేదు. కుర్చీలో కూర్చుని చేసే పని ఇది.

ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలు రాయడమే మా పని. మొత్తం ముగ్గురం. అందరికీ పైన పెద్దాయన. రెండో ఆయన ఎక్స్ అక్షరం మొత్తం ఒంటిచేత్తో పూర్తి చేశాడు కాబట్టి అందరూ ఎక్స్ గారు అంటారు. ఆ అక్షరంతో ఉన్నవే గుప్పెడు మాటలు, కానీ ఆయన నడక చూస్తే కోట గెలిచి వచ్చినవాడిలా ఉంటుంది. మూడో మనిషిని నేను. కిటికీ పక్క బల్ల నాది. కిటికీ తెరుచుకోదు.

ఒక సంగతి చెబితే నువ్వు నవ్వుతావు. పెద్దాయన ఈ నిఘంటువుని చివరి నుంచి మొదలుపెట్టారు. ముందు జెడ్, తర్వాత వై, తర్వాత ఎక్స్. ఎందుకంటే మొదటి నుంచి మొదలుపెట్టిన వాళ్లంతా సగంలో అలిసిపోతారట, చివరి అక్షరాలకి ఎప్పుడూ అన్యాయం జరుగుతుందట. ఆ అన్యాయం సరిచెయ్యాలని పందొమ్మిదేళ్ల కిందట కూర్చున్నారు. ఇప్పుడు డబ్ల్యూ మధ్యలో ఉన్నాం.

ఇక్కడ ఒక గట్టి నియమం ఉంది. మాటకి అర్థం రాస్తే చాలదు, సాక్షిని తేవాలి. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఆ మాటని ఆ అర్థంలోనే రాసి ఉండాలి. ఇంగ్లీషు వైపు ఒక సాక్షి, తెలుగు వైపు ఒక సాక్షి. ఎవరు రాశారు, ఎక్కడ, ఏ పుట అన్నది అట్ట చీటీ మీద రాసి పెట్టెలో పెట్టాలి. సాక్షి వాక్యంలో అక్షరం మార్చకూడదు. జూన్ ఆఖరుకి నా వంతు నూట ఇరవై మాటలకీ సాక్షులు కుదిరితేనే నా ఉద్యోగం ఖాయం. కుదరకపోతే పెట్టె సర్దుకుని మీ దగ్గరికి రావడమే.

ఇప్పుడు ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను. అది క్రియ. "వీన్" అంటారు. ఈ కాలంలో ఎవరూ వాడరు. అనుకోవడం, ఆశపడటం, ఎదురుచూడటం అన్నీ కలిసిన మాట. పాత వీరుల కథల్లో బాగా కనిపిస్తుంది. శత్రువు చచ్చాడని వీరుడు వీన్ చేస్తాడు, వెనక్కి తిరిగేసరికి శత్రువు లేచి దుమ్ము దులుపుకుంటూ ఉంటాడు. కూతురు తన మాట వింటుందని రాజు వీన్ చేస్తాడు, ఆమె అప్పటికే కిటికీ దిగి వెళ్లిపోయి ఉంటుంది. అలా చాలాచోట్ల అనుకునేవాడికి నిజం తెలియదు, చదివేవాడికి తెలుసు.

తర్వాత వచ్చిన కవులు దాన్ని పాడు చేశారు. పాదం చివర ప్రాస కుదరక ఖాళీ మిగిలితే "ఐ వీన్" అని పెట్టి నింపేశారు, గుడ్డ చాలనప్పుడు నువ్వు లోపల అతుకు వేసినట్టు. అలా అతుకై అతుకై అరిగి చచ్చిపోయింది. దాని బంధువు ఒక్కటి బతికుంది. తన గురించి తాను మరీ ఎక్కువ అనుకునేవాడి పొగరుని ఇప్పటికీ "ఓవర్‌వీనింగ్" అంటారు. మంచి మాట పోయింది, పొగరుబోతు మిగిలింది.

దీనికి తెలుగులో తలచు, భావించు, ఊహించు అని రాశాను. పెద్దాయన ఎర్ర పెన్సిలుతో మూడూ కొట్టేసి, "ఇవి ఎవడికైనా పట్టే రెడీమేడ్ చొక్కాలమ్మా. ఒంటిని కొలిచి కుట్టు" అన్నారు.

నువ్వు గుర్తొచ్చావు.

నీ పిచుక


షాపు, కత్తిరింపు బల్ల మీద
ఫిబ్రవరి 3

ఒసే పిచుకా,

నీ ఉత్తరం చదివి వినిపించా. నా మాటలు కలపలేదు, మీ అమ్మ మీద ఒట్టు. (మీ అమ్మ పక్కనే ఉంది, తన మీద ఎందుకు ఒట్టు అన్నట్టు చూస్తోంది.) మీ నాన్న మొత్తం విని, "అయితే చచ్చిపోయిన మాటలకి మా పిల్ల వైద్యం చేస్తోందన్నమాట" అని మురిసిపోయాడు. "వైద్యం కాదు బావా, పోస్టుమార్టం" అన్నా. అప్పట్నుంచీ మీ అమ్మ నాతో మాట్లాడ్డం లేదు.

అది సరే, ఆ పెద్దాయనకి బుర్ర ఉందా? చివర్నుంచి మొదలుపెట్టడమేంటే? ప్యాంటు కుట్టేవాడెవడైనా మడమ దగ్గర మొదలెట్టి పైకొస్తాడా? నడుం దాకా వచ్చేసరికి గుడ్డ అయిపోతే ఏం కట్టుకుంటాడు?

నీ మాట సంగతి. నాకు ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా నువ్వు నేర్పిందే. ఈ బల్ల కింద కూర్చుని, మార్కింగ్ సుద్దతో గుడ్డ ముక్కల మీద అక్షరాలు రాసి నా చేత దిద్దించావ్ గుర్తుందా? ఆ ముక్కల్లో ఒకటి పొరపాటున ఎవరి కోటు లోపలికో వెళ్లిపోయింది. ఆయన జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా "ఱ" తగుల్తూ ఉంటుంది పాపం.

కానీ నువ్వు చెప్పిన ఆ వీరుడు నా షాపుకే వస్తాడు. రిటైరైన రైలు గార్డు. ఉద్యోగం పోయినా ఈల మెడలోనే ఉంటుంది. కొత్త ప్యాంటు కావాలన్నాడు. నడుం ఎంతండీ అంటే ముప్పై మూడు అన్నాడు. టేపు పెట్టి చూశా. ముప్పై ఎనిమిది! "ముప్పై ఎనిమిదండీ" అన్నా. "నలభై ఏళ్లుగా ముప్పై మూడేనమ్మా. రైలు తప్పిందేమో గానీ నా నడుం తప్పలేదు" అన్నాడు. "మీ రైళ్లు ఏ పూట టైముకొచ్చాయో ఊరంతా చూసిందిలెండి" అన్నా. ముప్పై ఎనిమిదికే కుట్టా.

నిన్న రెండు చేతుల్తో నడుం పట్టుకుని వచ్చాడు. చెయ్యి తీస్తే పరువు కిందపడేలా ఉంది. నేను తగ్గుతానా? "నా మీద పంతంతో తిండి మానేసి చిక్కిపోయారు" అన్నా. 

అదీ నీ మాట. రాసుకో. మనిషి తన నడుం ఎంతో కొలవకుండా అనుకుంటాడు, టేపు పెట్టి చూపిస్తే టేపుదే తప్పంటాడు. మీ ముసలి నత్త కూడా ఆ పుస్తకం తన చేతుల్లోనే అయిపోతుందని అలాగే కొలవకుండా అనుకుంటున్నాడు. పందొమ్మిదేళ్లకి మూడున్నర అక్షరాలైతే మిగతావాటికి ఇంకా నూట ఇరవై ఏళ్లు పడుతుందని ఎవరైనా చెప్పండే ఆయనకి.

కిటికీ తెరుచుకోకపోతే బందుల్లో మిషను నూనె వెయ్యి.

పిన్ని


నిఘంటువు కార్యాలయం
మార్చి 2

పిన్నికి,

కిటికీ తెరుచుకుంది. ఎదురు గోడ కనిపిస్తోంది. అయినా గాలి వస్తోంది.

నీ మాట చాలా పనికొచ్చింది. "కొలవకుండా అనుకోవడం" అన్న అర్థం చీటీ మీద రాసి, దాని కింద సాక్షి వాక్యం పెట్టి పెద్దాయనకి ఇచ్చాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఇంకోసారి చదివారు. తర్వాత ఎక్స్ గారిని పిలిచి పైకి చదివి వినిపించారు. "టేపుదే తప్పంటాడు! చూశావా? అనుకునేవాడి ఆశా ఉంది, చదివేవాడి నవ్వూ ఉంది. పందొమ్మిదేళ్లలో ఇలాంటి సాక్షిని చూడలేదయ్యా" అన్నారు. ఎక్స్ గారి ముఖం మాడిపోయింది.

ఇంకా కొన్ని సంగతులున్నాయి. ఎలా జరిగిందో తీరిగ్గా రాస్తాను.

నాకో అనుమానం. ఈసారి నీ అక్షరాలు ఇంత పెద్దవయ్యాయేమిటి? వరసకి నాలుగు మాటలే పట్టాయి. గీత మీద మొదలై కిందికి జారిపోతున్నాయి కూడా. అంతా బాగానే ఉందా?

నీ పిచుక


షాపు
మార్చి 21

పిచుకా,

అంతా బాగానే ఉంది. కొత్త పెన్ను కొన్నా, గీత లావు. అందుకే పెద్దవిగా పడుతున్నాయి. నువ్వు చీటీల మీద పరీక్షలు చేసుకో, నా మీద కాదు.

గార్డు మళ్లీ వచ్చాడు. ప్యాంటు బిగించి ఇచ్చా, కానీ కాళ్లు ఒకటి పొట్టి ఒకటి పొడుగు వచ్చిందంటాడు. "మీరు ఒక పక్కకి ఒరిగి నిలబడుతున్నారు. కదిలే రైల్లో నలభై ఏళ్లు నిలబడితే అంతే" అన్నా. పాపం, అద్దం ముందు నిటారుగా నిలబడటానికి చాలా కష్టపడ్డాడు. మీ అమ్మ లోపల్నుంచి చూసి, "నీ నోటికి దేవుడు బొత్తాం పెట్టడం మర్చిపోయాడే" అంది. మాట్లాడిందిగా, చాలు.

నీ ఉత్తరంలో ఒకటి తేడాగా ఉంది. నా మాట పనికొచ్చింది అన్నావ్. "సాక్షి వాక్యం పెట్టి" అన్నావ్. సాక్షికి ఎవరు, ఎక్కడ, ఏ పుట అని రాయాలని జనవరిలో నువ్వే చెప్పావ్. మరి ఎవరని రాశావే? నా షాపుకి పుట నంబరు ఏం వేశావ్?

చిన్నప్పుడు సూదులు విరగ్గొట్టి డబ్బాలో అడుగున దాచేదానివి. అడిగితే "తీరిగ్గా చెప్తా" అనేదానివి.

పిన్ని


నా గది
ఏప్రిల్ 14

పిన్నీ,

నువ్వు పట్టేశావు. రాయకుండా వారం రోజులు తప్పించుకు తిరిగాను. ఇప్పుడు రాయక తప్పదు.

ఆ వాక్యం నీది అని రాయలేదు. చీటీ మీద "పేరు తెలియని ఒక యాత్రికుడి దినచర్య పుస్తకం, పుట 41" అని రాశాను. అలాంటి పుస్తకం లేదు. ఆ యాత్రికుడూ లేడు. ఆ నలభై ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు, చెయ్యి దానంతటదే వేసేసింది.

అప్పుడు పెద్ద తప్పనిపించలేదు. వాక్యం నిజం, అర్థం నిజం, ఒక్క పేరే కదా అనుకున్నాను. ఇప్పుడు పెద్దాయన ఆ పుస్తకం కావాలంటున్నారు. "అంత మంచి వాక్యం రాసినవాడు మిగతా పుటల్లో ఊరుకుని ఉంటాడా?" అని రోజూ అడుగుతున్నారు. దానికి తోడు జూన్ ఆఖరున నిఘంటువు నమూనా పుట ఒకటి అచ్చుకి వెళుతోంది. దాని మీద వేయడానికి ఆయన ఎంచుకున్న మాట ఏదనుకున్నావు? వీన్. సాక్షిగా నా యాత్రికుడు. ఒకసారి అచ్చయితే ఇక ఆ అబద్ధం నాది కాదు, అందరిదీ అవుతుంది. రేపు ఇంకో నిఘంటువు దాన్ని చూసి ఎత్తి రాసుకుంటుంది.

ఎక్స్ గారికి చెప్పాను. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "పుస్తకాన్ని చెదలు తినేశాయని చెప్పు. చెదల్ని ఎవరూ సాక్ష్యం అడగరు" అన్నారు. ఆయన గుప్పెడు మాటల్లో ఎన్నింటికి చెదలు పట్టాయో అడగాలనిపించింది, అడగలేదు.

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. సాక్షిని కల్పించిన మనిషిని ఈ ఆఫీసులో ఒక్క రోజు ఉంచరు. పోనీ, పుస్తకం కాకపోయినా రాసిన కాగితం ఉందని నీ ఉత్తరం చూపిద్దామంటే, అందులో ఆ వాక్యం పక్కనే ఆయన్ని ముసలి నత్త అన్నావు. నూట ఇరవై ఏళ్ల లెక్క కూడా వేశావు. ఆ కింది భాగం మడిచి చూపించనా? లేకపోతే ఆ ఒక్క వాక్యం విడిగా ఒక కాగితం మీద రాసి పంపుతావా, ఫిబ్రవరి తారీఖు వేసి?

ఏం చేయమంటావు?

నీ పిచుక


షాపు
ఏప్రిల్ 25

పిచుకా,

ఈ ఉత్తరం మీ అమ్మానాన్నలకి చదవలేదు. నువ్వు బాగున్నావని మాత్రం చెప్పా. చూడు, నీ వల్ల నేనూ కల్పించాల్సి వచ్చింది.

ముందు ఒకటి చెప్పు. "ఒక్క పేరే కదా" అన్నావ్. అది నా పేరేనే. నా మాట బాగుంది, తీసుకున్నావ్. నన్ను మాత్రం గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబెట్టావ్. దర్జీది అనడానికి సిగ్గేసి, పుట్టనే పుట్టని యాత్రికుణ్ణి తెచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టావ్. వాడు ఏ ఊరు తిరిగాడు? వాడు ఎవడి నడుం కొలిచాడు?

కోపం కాదు. కోపమే. చదువుకున్న దానివి నువ్వొక్కదానివే మనింట్లో. నువ్వు పెద్ద మాటలు నేర్చుకుంటే మా మాటలకి కుర్చీ వేస్తావనుకున్నా, వాటి పేరు మారుస్తావనుకోలేదు.

వేరే కాగితం రాసి పాత తారీఖు వెయ్యమంటావా? ఇరవై ఏడేళ్లుగా కుడుతున్నా. గుడ్డ తక్కువైతే తక్కువైందని మొహం మీదే చెప్పా. అతుకు వేస్తే వేశానని చూపించే వేశా. వెయ్యను పో.

మడత పెట్టి కూడా చూపించకు. ఆ ఉత్తరం నేను ఎలా రాశానో అలా ఆయన చేతిలో పెట్టు. నత్తతో సహా. నేను అన్న మాట నాదే, వెనక్కి తీసుకోను. తిడితే నన్ను తిట్టమను, అడ్రసు వెనకాల ఉంది. ఉద్యోగం పోతే పో. కత్తిరింపు బల్లకి ఒక పక్క ఖాళీగానే ఉంది. కానీ ఆ దొంగ యాత్రికుణ్ణి మాత్రం నా గుమ్మం తొక్కనివ్వను.

ఏం తింటున్నావే అసలు? రాయవే.

పిన్ని


నిఘంటువు కార్యాలయం
మే 12

పిన్నీ,

నీ ఫిబ్రవరి ఉత్తరం తీసుకెళ్లి పెద్దాయన బల్ల మీద పెట్టాను. విప్పి పెట్టాను, మడత లేకుండా. "యాత్రికుడు లేడండి. ఆ వాక్యం మా పిన్నిది. దర్జీ. నేను అబద్ధం రాశాను" అన్నాను. 

ఆయన ఉత్తరం తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టారు! ఆయనకి ఏ కాగితమైనా పైకి చదవడం అలవాటు. మడమ దగ్గర మొదలెట్టిన ప్యాంటు చదివారు. "ఱ" ఉన్న కోటు చదివారు. గార్డు గారి దగ్గర మీసం కదిలింది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ముసలి నత్త దగ్గర ఆగారు.

"ఇది నేనేనా?"

"అవునండి."

"నత్తకి వేరే సాక్షి ఏమైనా కావాలటయ్యా?" అని ఎక్స్ గారిని అడిగారు. ఎక్స్ గారు దగ్గు వచ్చినట్టు నటిస్తూ బయటికి వెళ్లిపోయారు. ఆయన నవ్వు మెట్ల మీద నుంచి వినిపించింది.

తర్వాత పెద్దాయన ఒక కాగితం మీద లెక్క వేశారు. పందొమ్మిది, మూడున్నర, మిగిలిన అక్షరాలు. చాలాసేపు ఆ అంకె వంకే చూశారు. అంతసేపు ఆయన చూపు ఒక అంకె మీద ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా వైపు తిరిగారు.

"దర్జీ ఉత్తరం అని రాయడానికి ఏమొచ్చింది?"

"మీరు ఒప్పుకోరనుకున్నానండి."

"అడిగావా?"

"లేదండి."

"అంటే నువ్వూ వీన్ చేశావన్నమాట."

పిన్నీ, ఆ మాట మీద నాలుగు నెలలుగా కూర్చున్నాను. అది నా ఒంటి మీదకే వస్తుందని ఒక్కసారి కూడా తోచలేదు.

దొంగ చీటీని ఆయన చింపలేదు. దాని మీద అడ్డంగా "ఈ సాక్షి పుట్టలేదు" అని రాసి, నా సొరుగులో పెట్టుకోమన్నారు. చింపేస్తే మర్చిపోతానట. నేను ఇప్పటిదాకా రాసిన చీటీలన్నీ పుస్తకాలు తెరిచి ఎక్స్ గారి ముందు మళ్లీ రుజువు చేయాలి. జూన్‌లో ఉద్యోగం ఖాయం కాదు. సెప్టెంబరు ఆఖరుదాకా గడువు పెంచారు, అప్పుడు చూస్తారట. పంపేస్తారనుకున్నాను కాబట్టి ఇది నాకు వరంలాగే ఉంది. ఎక్స్ గారికి మాత్రం పండగ. నిన్న నా మొదటి చీటీని దీపం కింద పెట్టి చూశారు.

నమూనా పుట మీద వీన్ ఉంటుంది. సాక్షి మారింది. నడుం వాక్యం తీసేసి దాని పక్కవాక్యం పెడతానన్నారు. నేను వద్దండీ అన్నాను. "అది ఇంకా మంచి సాక్షి. నడుం వాక్యంలో నవ్వే ఉంది. దీంట్లో ఆశ కూడా ఉంది" అన్నారు. నీ అనుమతి కోసం ఆయన రాసిన ఉత్తరం ఇందులోనే పెడుతున్నాను.

నీకు క్షమాపణ చెప్పడానికి ఈ నిఘంటువులో ఏ మాటా సరిపోలేదు. క్షమించు అన్నదే మిగిలింది. నిన్ను చెప్పుల దగ్గర నిలబెట్టాను.

నీ పిచుక

(దీంతో పెట్టిన కాగితం)

దర్జీ గారికి,

మీ ఉత్తరం నుంచి ఈ వాక్యాన్ని సాక్షిగా తీసుకోవడానికి అనుమతి కోరుతున్నాను: "మీ ముసలి నత్త కూడా ఆ పుస్తకం తన చేతుల్లోనే అయిపోతుందని అలాగే కొలవకుండా అనుకుంటున్నాడు." మా నియమం ప్రకారం ఇందులో అక్షరం కూడా మార్చడానికి వీల్లేదు. మార్చమని నన్ను నేను కూడా అడగలేదు.

మీ లెక్కలో దయ ఉంది. మేము పూర్తి చేసినవి చిన్న అక్షరాలు. ఎస్ అక్షరం సంగతి మీకు తెలియదు.

మరొక మాట. పందొమ్మిదేళ్లుగా చేతిరాతలు చూసి బతుకుతున్నవాణ్ణి. మీ ఫిబ్రవరి ఉత్తరం చూశాక, మీ అమ్మాయిని అడిగి మిగతావీ చూశాను. అక్షరాలు నెలనెలా పెద్దవవుతున్నాయి. వెనకాల రాసిన అడ్రసులో మూడు అంకె, ఎనిమిది అంకె ఒకేలా ఉన్నాయి. ఇది పెన్ను లావు వల్ల కాదు. దయచేసి కళ్లు చూపించుకోండి. గార్డు గారి నడుం గురించి కూడా నాకొక అనుమానం ఉంది, కానీ అది నా పరిధిలోని విషయం కాదు.

ఇట్లు,
మీ నత్త


షాపు
జూన్ 9

పిచుకా,

మీ నత్తకి కళ్లున్నాయే. నాకే లేవు.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మీ అమ్మ భయపడిపోయింది, జ్వరమేమోనని ఒళ్లు పట్టి చూసింది. మూడో రోజు షాపు మూసి, టేపు చేత్తో పట్టుకుని వెలుగులో నిలబడ్డా. ముప్పై మూడు మీద వేలు పెట్టి చూశా. ముప్పై ఎనిమిదిలా ఉంది. ముప్పై ఎనిమిది మీద పెట్టా. అదీ అలాగే ఉంది. ఆర్నెల్లుగా సూదిలో దారం మీ అమ్మ చేతే ఎక్కిస్తున్నా, "నాకు తీరిక లేదు" అని సాకు చెప్పి. కళ్లు అలిసిపోయాయి, అంతే అనుకున్నా. ఎప్పుడైనా చూపించుకున్నానా? ఊరందరి నడుములూ కొలిచా, నన్ను కొలుచుకోలేదు.

కళ్లజోడు వచ్చింది. మొదట గార్డు ఇంటికే వెళ్లా. టేపు పెట్టి చూశా. ముప్పై మూడు! "అయ్యా, మీ నడుం తప్పలేదు. తప్పింది నేను" అన్నా. ఆయన నిలబడి మెడలో ఈల తీసి ఒకసారి గట్టిగా ఊదాడు. వీధంతా బయటికొచ్చింది. రైలు ఇన్నాళ్లకి టైముకొచ్చిందన్నమాట. ప్యాంటు మళ్లీ కుట్టి ఇచ్చా. కాళ్లు రెండూ సమానంగా వచ్చాయి. ఆయనకి ఏ పక్కా ఒరుగు లేదు, ఆ మాట కూడా చెప్పా.

పెద్దాయనకి అనుమతి ఇచ్చానని చెప్పు. నత్త అలాగే ఉండనివ్వమను. కానీ నడుం వాక్యం తీసేయడం మంచిదయింది. దాంట్లో టేపుదే తప్పని ఎవడన్నాడో, తప్పు ఎవరిదో ఇప్పుడు నాకు తెలుసు.

నీ మీద కోపం పోయింది. క్షమించు అన్న మాట చాలు, దానికి సాక్షులు అక్కర్లేదు. చీటీ మీద నా పని రాశారు కదా, "దర్జీ ఉత్తరం" అని? అచ్చయ్యాక ఒక కాపీ పంపు. అద్దం పక్కన అంటిస్తా. మీ నాన్నకి చదవడం రాకపోయినా రోజూ వచ్చి దాని ముందు నిలబడతాడు, నాకు తెలుసు.

కళ్లజోడు పెట్టుకుని నా పాత ఉత్తరం చిత్తుకాగితం ఒకటి చదివా. నా అక్షరాలు ఇంత వంకరా? ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేంటే? నేర్పిన పంతులమ్మది తప్పు.

ఎక్స్ గారు దీపం కింద పెట్టి చూస్తే చూడనీ. సెప్టెంబరులో నీ ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ పుస్తకం మొత్తం పూర్తయ్యాక, మొట్టమొదటి అక్షరం దాకా, నాకొక కాపీ పక్కన పెట్టించు. నేనే వచ్చి మీ నత్త చేతుల మీదుగా తీసుకుంటా.

అనుకుంటున్నా. కొలవలేదు.

పిన్ని